వైనతేయ దాటి, వశిష్ఠ దాటి: మా ఇల్లు మార్పు డైరీ

ఏప్రిల్ 20, ఆదివారం

నిర్ణయం అయిపోయింది. అమలాపురం పక్కనున్న మా ఊరి నుంచి భీమవరం మారిపోతున్నాం. మావారు అక్కడ రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తారు. నాలుగేళ్ళుగా శనివారం రాత్రి రావడం, సోమవారం తెల్లవారుజామున వెళ్ళిపోవడం. పాప తొమ్మిదో తరగతికి వస్తోంది, ఇంకో రెండేళ్ళు ఇలాగే లాగడం కష్టమనిపించింది. అత్తయ్యగారు మాతోనే వస్తారు. బావగారి కుటుంబం ఈ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి ఇల్లు మూతపడదు. అది మాకందరికీ పెద్ద ధైర్యం.

నేను కాపురానికి వచ్చి పదిహేడేళ్ళు. ఇల్లు మారడం ఇదే మొదటిసారి. ఏం తెలిసిందో, ఎంత ఖర్చయిందో ఎప్పటికప్పుడు రాసుకోవాలని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను. కాకినాడలో ఉన్న మా ఆడపడుచు కూడా వచ్చే ఏడాది మారుతుంది, తనకీ పనికొస్తుంది.

ముందు తేదీ. మావారు శ్రావణంలో మారదామన్నారు. నేను ఒప్పుకోలేదు. జూలై, ఆగస్టు అంటే గోదావరికి వరద రోజులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు లంక ఊళ్ళ వాళ్ళు సామాను పడవల్లో వేసుకుని గట్టు మీదకు రావడం కళ్ళారా చూశాం. మా ఊళ్ళోకి నీళ్ళు రావు కానీ, ఆ రోజుల్లో లారీ దొరకదు, మనిషి దొరకడు, దారి ఎలా ఉంటుందో చెప్పలేం. స్కూళ్ళు జూన్ 12న తెరుస్తారు. జూన్ ఆఖరులో ఆషాఢం వచ్చేస్తుంది, ఆషాఢంలో అత్తయ్యగారు కొత్త గడప తొక్కరు. అన్నీ చూస్తే మిగిలింది జూన్ మొదటి వారమే. పంతులుగారు జ్యేష్ఠ శుద్ధ దశమి బాగుందన్నారు. జూన్ 5, గురువారం. వారం మధ్యలో కావడం ఇంకా నయం, ఆదివారాలకీ నెలాఖరుకీ ప్యాకర్స్ వాళ్ళు (సామాను కట్టి లారీలో చేర్చేవాళ్ళు) రేటు పెంచుతారని తర్వాత తెలిసింది.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈ వారమంతా కొలతలే. పాప టేపు పట్టుకుంది, నేను రాశాను.

ఎందుకంటే, మొన్న ఒక కంపెనీకి ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి అడిగిన మొదటి మాట "ఎన్ని సీఎఫ్‌టీ ఉంటుందండి?" అని. సీఎఫ్‌టీ అంటే ఘనపుటడుగులే, టింబరు డిపోలో చెక్క కొలిచే లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించాలి. వాళ్ళ రేటంతా దీని మీదే నడుస్తుంది. దూరం కంటే లారీ సైజు, మనుషుల సంఖ్య ముఖ్యం, ఆ రెండూ తేలేది మన సామాను ఎంత చోటు తింటుందన్న దాన్ని బట్టి. మనకు ఆ అంకె తెలియకపోతే వాళ్ళు చెప్పిందే వేదం.

మా ఇంటి లెక్క ఇలా వచ్చింది. బీరువా ఒక్కోటి 29, రెండు బీరువాలకు 58. ఫ్రిజ్ 22. వాషింగ్ మిషన్ 12. విప్పేసిన పట్టెమంచాలు రెండూ కలిపి 30, పరుపులు మరో 30. సోఫా సెట్టు ఒక్కటే 75, ఇందులో ఒంటి కుర్చీలు రెండూ 34. భోజనాల బల్ల, కుర్చీలు 25. టీవీ 5. పాప చదువుకునే బల్ల, పుస్తకాల అలమర 20. కుట్టు మిషన్ 8. ఇవి 285. మిగతాదంతా అట్టపెట్టెల్లోకి వెళ్తుంది. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టె అంటే సుమారు 3.4 ఘనపుటడుగులు. గది గదికీ చూసుకుని 42 పెట్టెలు అనుకున్నాను, అంటే 142. మొత్తం 427.

14 అడుగుల లారీలో లోపలి చోటు 14 ఇంటూ 6 ఇంటూ 6, అంటే 504. చూడ్డానికి సరిపోతుంది. కానీ సామాను ఇటుకల్లా పేర్చడానికి కుదరదు, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. నూటికి 85 పాళ్ళే నిండుతుందనుకుంటే 428. ఒక్క అడుగు తేడాలో కూర్చుంది! అంటే కొంత తగ్గించుకోవాలి, లేదా పెద్ద లారీకి డబ్బు కట్టాలి.

మే 4, ఆదివారం

మూడు కొటేషన్లు వచ్చాయి. ముగ్గురికీ నా జాబితానే పంపాను, ఒకే సామానుకు ఎవరెంత అంటారో తెలియాలని.

రాజమండ్రి కంపెనీ వాళ్ళు మనిషిని పంపి ఇల్లంతా చూపించుకున్నారు. ముందు 17 అడుగుల లారీ కావాలి, 24,000 అన్నారు. దాని మీద 18 శాతం జీఎస్టీ 4,320, మొత్తం 28,320. నా జాబితా చూపించి, ఒక బీరువా, సోఫా ఒంటి కుర్చీలు ఇక్కడే వదిలేస్తే 364 అవుతుంది కదా అని అడిగాను. ఆయన కాగితం తీసుకుని తనూ కూడుకుని చూశారు. 14 అడుగుల బండి చాలన్నారు. 19,500, జీఎస్టీ 3,510, మొత్తం 23,010. ఒక్క కాగితం వల్ల 5,310 రూపాయలు తగ్గింది. ఆయన్ని తప్పుపట్టను, జాబితా లేని ఇంట్లో ఎవరైనా పెద్ద బండే చెబుతారు.

కాకినాడ వాళ్ళు వీడియో కాల్‌లో చూశారు. 18,000, జీఎస్టీతో 21,240. చౌకే. కానీ వివరంగా చదివితే మంచాలు బిగించడం, పెట్టెలు విప్పడం, మెట్లెక్కించడం ఇందులో లేవు. అవన్నీ కలిపితే రాజమండ్రి లెక్క దాటిపోతుంది.

మూడో అతను ఇల్లు చూడలేదు, జాబితా కూడా తెరిచినట్టు లేదు. అంతా కలిపి 11,000 అన్నాడు. వెంటనే 5,000 పంపితే తేదీ ఖాయం చేస్తానన్నాడు, పంపమన్న నంబరు ఒక మనిషి పేరు మీద ఉంది. జీఎస్టీ నంబరు అడిగితే తర్వాత ఇస్తానన్నాడు. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఎవరి నంబరైనా కొట్టి చూసుకోవచ్చు, కంపెనీ అసలు పేరు, ఊరు, నడుస్తోందా లేదా అన్నీ వస్తాయి. మిగతా ఇద్దరివీ అలాగే చూశాను. ఇతన్ని వదిలేశాను. తక్కువ రేటుకు సామాను ఎక్కించుకుని, దారిలో ఆపి, ఇంకా ఇస్తేగానీ దించమనే వాళ్ళ గురించి విని ఉన్నాను. ఇల్లంతా వాళ్ళ లారీలో ఉన్నప్పుడు మనం ఏం బేరమాడగలం?

మే 6, మంగళవారం

బావగారు మళ్ళీ అన్నారు, "డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు కదమ్మా, మన ఊరి బొలెరో రెండు ట్రిప్పులు కొడితే అయిపోదా?" అని. ఆయన మాట తీసేయకుండా కూర్చుని లెక్క వేశాను. ట్రిప్పు 4,500, రెండు ట్రిప్పులకు 9,000. సామాను మోసే ముఠా వాళ్ళు నలుగురు, మనిషికి 1,000, రెండు రోజులు, 8,000. అట్టపెట్టెలు, బబుల్ షీటు, టేపు, తాళ్ళు 3,500. మొత్తం 20,500. ప్యాకర్స్ కంటే 2,510 తక్కువ. ఆ తేడాకి ఎక్కించేటప్పుడు ఏది పగిలినా మనదే, వానొస్తే తడిసేదీ మనదే, కట్టే పని అంతా నాదే. బావగారు అంకెలు చూసి "అయితే వాళ్ళనే పిలవమ్మా" అన్నారు. చిన్న ఇల్లు, సామాను తక్కువ, సాయానికి నలుగురు అన్నదమ్ములున్న వాళ్ళకు బొలెరోయే మేలు. మా లెక్కకు అది కుదరలేదు.

మే 11, ఆదివారం

ఈ రోజంతా ఇన్సూరెన్సు అర్థం చేసుకోవడానికే సరిపోయింది. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎవరూ చెప్పని విషయం ఇదే.

కొటేషన్‌లో 19,500ని మూడు ముక్కలుగా రాయించాను. ప్యాకింగ్ సామగ్రి 4,000, ఎక్కించి దించే కూలీ 6,000, లారీ కిరాయి 9,500. ఇలా విడగొట్టించడానికి కారణం ఉంది. రోడ్డు రవాణాకు 2007లో చేసిన చట్టం ఉంది, 2011లో దాని నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం, మనం ఎక్కువ రేటు కట్టి ఎక్కువ బాధ్యత ఒప్పించుకోకపోతే, సామాను పోయినా పాడైనా రవాణా సంస్థ ఇవ్వాల్సింది కిరాయికి పది రెట్ల వరకే, అదీ మనం రాసిచ్చిన విలువ దాటకుండా. అంటే మా విషయంలో 95,000. ఫ్రిజ్, టీవీ, ఏసీ, వాషింగ్ మిషన్ ఈ నాలుగిటికే అది అయిపోతుంది.

రాజమండ్రి అతన్ని సూటిగా రెండు ప్రశ్నలు అడిగాను. మీరు వసూలు చేసే డబ్బుకు ఇన్సూరెన్సు కంపెనీ పాలసీ కాగితం ఇస్తారా, లేక మీ సొంత హామీయా? రెండోది, లారీ బోల్తాపడితేనే ఇస్తారా, ఎక్కించి దించేటప్పుడు పగిలినా ఇస్తారా? కొందరు కొటేషన్‌లో ఇన్సూరెన్సు అని రాసి, అది తమ సొంత హామీ అని చివర్లో చెబుతారట. ఈయన నా పేరు మీద పాలసీ ఇప్పిస్తానని, పగిలినవీ అందులో ఉంటాయని రాసిచ్చారు. ప్రతి వస్తువుకూ ఈ రోజు విలువ వేసుకుంటూ పోతే 2,80,000 తేలింది. 1.5 శాతం లెక్కన 4,200, జీఎస్టీతో 4,956. కట్టేశాను. బంగారం, డబ్బు, ఇంటి దస్తావేజులు, సర్టిఫికెట్లు ఏ ఇన్సూరెన్సులోనూ రావు, అవి మా చేతి సంచీలోనే.

ఆ జాబితా రాస్తుంటే సన్నికల్లు దగ్గర కలం ఆగింది. అత్తయ్యగారు పెళ్ళిలో తొక్కిన సన్నికల్లు అది. రోలు, తిరగలి బావగారికి వదిలేయడానికి ఒప్పుకున్నారు కానీ దీన్ని మాత్రం "అమ్మాయ్, ఇది నాతోనే రావాలి" అన్నారు. నలుపు తిరిగి, మధ్యలో గుంట పడిన రాయి. విలువ గడిలో ఏదో ఒక అంకె ఉండాలి కాబట్టి 500 అని రాశాను. రాసిన తర్వాత చాలాసేపు మనసు బాగోలేదు.

ఇంకో మాట. లారీ ఎక్కించాక ఇచ్చే రసీదును ఎల్.ఆర్. అంటారు. అందులో లారీ నంబరు, పెట్టెల సంఖ్య, మనం చెప్పిన విలువ ఉండాలి. ఏదైనా పోతే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, లేకపోతే కోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915ను కూడా అట్ట మీద రాసుకున్నాను. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు తరలించేటప్పుడు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం) అక్కర్లేదు, దారిలో ఎవరైనా అడిగితే చూపించడానికి సామాను జాబితా చాలు.

మే 18, ఆదివారం

భీమవరం వెళ్ళి ఇల్లు ఖాయం చేసుకొచ్చాం. మొదటి అంతస్తు, అద్దె 14,000, అడ్వాన్సు రెండు నెలలది 28,000. బ్రోకరుకు సగం నెల, 7,000. టేపు వెంట తీసుకెళ్ళాను. మెట్ల వెడల్పు మూడడుగుల రెండంగుళాలు, మలుపు దగ్గర బీరువా నిలబెట్టి తిప్పడానికి చోటుంది. ఫ్రిజ్ పెట్టే మూల, మంచం పట్టే గోడ, ప్లగ్గులు ఎక్కడున్నాయో అన్నీ గీసుకున్నాను. ఈ బొమ్మ ఉంటే లారీ వచ్చిన రోజు "ఇది ఎక్కడ పెట్టమంటారండి" అన్న ప్రశ్నే ఉండదు.

నీళ్ళు అడిగాను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పట్టణమంతా నిలవ చెరువుల నీళ్ళ మీదే బతకాలి. బోరు నీళ్ళు ఉప్పన, వాడకానికే. తాగడానికి టిన్నులు. మా ఊళ్ళో నూతి నీళ్ళు తాగి పెరిగిన పిల్ల ఎలా అలవాటు పడుతుందో అనిపించింది. కరెంటు (ఈపీడీసీఎల్) మీటరు రీడింగు ఫోటో తీసుకుని, పాత బిల్లు బాకీ లేదని సర్వీసు నంబరుతో చూసుకున్నాం.

అత్తయ్యగారు ఇల్లు చూసి ఏమీ మాట్లాడలేదు. గునుపూడి సోమారామం గుడి అక్కడికి ఎంత దూరమని మాత్రం ఆటో అతన్ని అడిగారు. దగ్గరేనని తెలిశాక కాస్త తేలికపడ్డారు.

రాత్రి మొత్తం బడ్జెట్ వేశాను. ప్యాకర్స్ 23,010. ఇన్సూరెన్సు 4,956. ఏసీ విప్పి బిగించడానికి 3,300. నీళ్ళ ఫిల్టరు 600. ఎలక్ట్రీషియన్ 1,200. బ్రోకరు 7,000. పనివాళ్ళ భోజనాలు, మామూలు 1,500. మేం వెళ్ళడానికి కారు 2,500. కూడితే 44,066. అనుకోని ఖర్చులకు పదో వంతు, 4,400. మొత్తం 48,466.

అద్దె అడ్వాన్సు 28,000, మొదటి నెల అద్దె 14,000 వేరే పేజీలో రాశాను. అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బు, అద్దె ప్రతి నెలా ఉండేది, ఇల్లు మారినందుకు అయ్యే ఖర్చు కాదు. కానీ ఆ వారం చేతిలో ఉండాల్సింది మాత్రం అన్నీ కలిపి 90,466. ఈ రెండు అంకెలూ కలిపేసుకుంటే టెన్షన్ తప్పదు. మావారికి ఈ తేడా చెప్పాక, చీటీ పాట జూన్ బదులు మే నెలలోనే పాడేశారు.

మే 25, ఆదివారం

రోహిణి కార్తె మొదలైంది, రాళ్ళు పగిలే ఎండలు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకే పని.

వంటింటి దగ్గర అత్తయ్యగారే నాకు గురువు. ప్యాకర్స్ వాళ్ళు ఖాళీ బిందెలు అలాగే పెట్టెలో పెట్టేస్తారు, గాలి మోయడానికి డబ్బు కడతాం. ఆవిడ ఇత్తడి బిందెల్లో తువ్వాళ్ళు, జాకెట్టు గుడ్డలు దోపించారు. గంగాళం నిండా దుప్పట్లు. అన్నం గిన్నెలో పప్పు గిన్నె, అందులో పోపు గిన్నె. గాజు సామాను పాత పంచెల్లో చుట్టాం. పెట్టెలు నాలుగు తగ్గాయి, బబుల్ షీటు సగం మిగిలింది.

ఊరగాయల సంగతి పెద్దది. ఈ నెలలోనే పెట్టిన ఆవకాయ రెండు జాడీలు, మాగాయ ఒకటి. నూనె వస్తువులు, ద్రవాలు ప్యాకర్స్ వాళ్ళు తీసుకోరు, కారితే మిగతా సామాను పాడవుతుందని. అది న్యాయమే. జాడీలు మాతో కారులో వస్తాయి. వాసెన గట్టిగా కట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేసి, గంపలో కొబ్బరి పీచు పరిచి జాడీ దించి, చుట్టూ మళ్ళీ పీచు కూరాం. కోనసీమలో పీచుకు కొదవేముంది, బావగారు ఒక గోనె నిండా తెచ్చి పడేశారు. గంపను రెండు చేతులతో ఊపి చూశాను, జాడీ కదల్లేదు.

వదిలేసేవి తేల్చేశాం. పాత బీరువా, సోఫా ఒంటి కుర్చీలు, రోలు, తిరగలి బావగారికి. పాప చిన్నప్పటి సైకిలు పాలబ్బాయి కొడుక్కి.

జూన్ 3, మంగళవారం

గ్యాస్ ఏజెన్సీకి వెళ్ళాను. సిలిండరు లారీలో ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా. సిలిండరు, రెగ్యులేటరు అప్పగిస్తే ట్రాన్స్‌ఫర్ కాగితం ఇచ్చారు, అది చూపిస్తే భీమవరంలో కనెక్షన్ ఇస్తారు. మొదట్లో కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన వోచరు మావయ్యగారి పాత ట్రంకు పెట్టెలో దొరికింది. లేకపోతే ఇంకో రెండు రోజులు తిరగాల్సి వచ్చేది. ఈ మూడు రోజులకు వంట బావగారి పొయ్యి మీదే.

పాప టీసీ తీసుకున్నాం. ఏసీ అబ్బాయి వచ్చి గ్యాసు బయటి యూనిట్‌లోకి లాగి బంధించి విప్పాడు. అలా చేయకుండా పైపు కోసేస్తే గ్యాసంతా పోతుంది, మళ్ళీ నింపడానికి వేరే ఖర్చు. ఇన్వర్టరు బ్యాటరీ యాభై కిలోల పైమాటే, లోపల యాసిడ్ ఉంటుంది, పడుకోబెట్టకూడదని దాని మీద పెద్ద అక్షరాలతో రాసిన కాగితం అంటించాను. రేపు పొద్దున్న ఫ్రిజ్ ఆపి, ఐసు కరిగించి, తుడిచి ఆరబెట్టాలి.

జూన్ 4, బుధవారం

ప్యాకర్స్ వాళ్ళు ఐదుగురు వచ్చారు. ఎంత చురుకైన పిల్లలో! అటక మీది సామాను గంటలో దించేశారు. పెట్టె నిండగానే పాప నంబరు వేసి, లోపల ఏముందో నోటుబుక్కులో రాసుకుంది. నంబరు పెట్టె పక్కల మీద రాయాలి, ఒకదాని మీద ఒకటి పేర్చాక పైన రాసింది కనపడదు. పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, పెద్ద పెట్టె నింపితే ఎత్తేవాడి నడుము పోతుంది. 42 అనుకున్నవి 47 అయ్యాయి. దేవుడి సామాను అత్తయ్యగారు తానే సర్దుకున్నారు.

ప్రతి పెద్ద వస్తువుకూ నాలుగు వైపులా ఫోటోలు తీశాను. బీరువా అద్దం దగ్గర నుంచి కూడా.

మధ్యాహ్నం వాళ్ళకు పులిహోర, మజ్జిగ పెట్టాం. బావగారు కొబ్బరి బోండాలు దింపించారు. రాత్రి పెద్ద వాన.

జూన్ 5, గురువారం

ఇది రాత్రి పదకొండుకు రాస్తున్నాను. కాళ్ళు లాగుతున్నాయి కానీ ఈ రోజు సంగతి ఈ రోజే రాయాలి.

ఆరింటికల్లా లారీ వచ్చింది. మా సందు తొమ్మిదడుగులు, పైన కేబుల్ తీగలు వేలాడుతుంటాయి. ముందే కొలిచి చెప్పాను కాబట్టి మూసిన కంటైనరు కాకుండా టార్పాలిన్ కట్టే లారీ తెచ్చారు. బరువైనవి ముందు, క్యాబిన్ వైపు. బీరువా, ఫ్రిజ్ నిలబెట్టి తాళ్ళు కట్టారు. సన్నికల్లును గోనెలో చుట్టి కింద, మంచం పట్టెల పక్కన పెట్టారు. పొత్రం అత్తయ్యగారి చేతి సంచీలో. తొమ్మిదిన్నరకు ఎల్.ఆర్. మీద 47 పెట్టెలు, 19 విడి వస్తువులు అని రాయించుకుని బయల్దేరాం.

నిన్న సాయంత్రమే అయినవిల్లి వెళ్ళి వినాయకుడికి దండం పెట్టుకున్నాం, ఈ రోజు ఎక్కడా ఆగలేదు. బావగారే తన కారులో తీసుకొచ్చారు. బోడసకుర్రు వంతెన మీద గోదావరి పాయ వైనతేయ దాటాం, తాటిపాక, రాజోలు మీదుగా దిండి వచ్చాం. చించినాడ వంతెన మీద అత్తయ్యగారు కారు నెమ్మదిగా పోనివ్వమన్నారు. వశిష్ఠ పాయలోకి ఒక రూపాయి విసిరి, కళ్ళు తుడుచుకున్నారు. ఆవిడ కాళ్ళ మధ్య ఆవకాయ గంప, నా ఒళ్ళో మాగాయ. ఎవరం మాట్లాడలేదు.

పాలకొల్లు దాటాక లారీ డ్రైవరు ఫోన్ చేశాడు. మాకంటే ముందే చేరాడు. "ఆయ్, లారీ లోపలికి రాదండి మేడమ్. వీధి మొదట్లో కాలవ తవ్వేశారండి." గుండె ఆగినంత పనయింది. మే 18న చూసినప్పుడు వీధి బాగానే ఉంది. మురుగు కాలువ పని మొన్ననే మొదలైందట. మెట్లు కొలిచాను, గోడలు కొలిచాను, బయల్దేరే ముందు ఇంటివారికి ఒక్క ఫోన్ చేసి వీధి ఎలా ఉందని అడగలేదు. ఆడపడుచూ, ఇది మాత్రం గుర్తుపెట్టుకో. ముందు రోజు సాయంత్రం తప్పకుండా అడుగు.

లారీ నుంచి గుమ్మానికి రెండు వందల అడుగుల పైన ఉంది. కొటేషన్‌లో వంద అడుగుల వరకు మోత కలిపే ఉంది. అది దాటితే అదనం. సూపర్‌వైజరు 3,000 అడిగాడు. నేను కొటేషన్ చూపించి, వంద అడుగుల మోత ఎలాగూ మీదే కదా అన్నాను. చివరికి అక్కడి టాటా ఏస్ ఒకటి నేనే మాట్లాడాను, పక్క సందులోంచి తిరిగి గుమ్మం దాకా వెళ్ళింది. నాలుగు తడవలకు 1,800. ఎక్కించి దించడం ప్యాకర్స్ వాళ్ళే చేశారు, ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

పాప నిలబడి నంబర్లు పిలుస్తుంటే నేను టిక్కులు పెట్టాను. 47 వచ్చాయి. బీరువా గుడ్డ విప్పితే అద్దం కింది మూల పగిలి ఉంది. అరవలేదు. నిన్నటి ఫోటో చూపించాను. ఎల్.ఆర్. కాపీ మీద "బీరువా అద్దం కింది మూల పగిలింది" అని రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టాను. అన్నీ బాగా అందాయని సంతకం పెట్టేశాక ఫోన్లు చేస్తే ఎవరూ వినరు. సూపర్‌వైజరు ఆఫీసుతో మాట్లాడి, ఇంత చిన్నదానికి క్లెయిము వద్దండి, బిల్లులో 1,200 తగ్గిస్తామన్నాడు. ఒప్పుకున్నాను. 4,000 అడ్వాన్సు ముందే ఇచ్చాం కాబట్టి మిగిలింది 19,010. అందులో 1,200 పోగా 17,810 కంపెనీ ఖాతాకు పంపాను.

మంచాలు బిగించి, ముందు అత్తయ్యగారి మంచం మీద పరుపు వేసి వెళ్ళారు. ఇంటివారు ఇచ్చిన పొయ్యి మీద పాలు పొంగించాం. ఫ్రిజ్ నిలబెట్టే తెచ్చారు, అయినా నాలుగు గంటలు ఆగి రాత్రికి వేశాను.

జూన్ 8, ఆదివారం

లెక్క ముగించాను. అనుకున్న 44,066కి కలిసినవి టాటా ఏస్ 1,800, ఏసీ రాగి పైపు సరిపోక 1,400, ఇల్లు కడిగించినందుకు 900. తగ్గింది కారు, బావగారి పెట్రోలు 700 మాత్రమే అయింది కాబట్టి 1,800 మిగిలింది. మొత్తం 46,366. పెట్టుకున్న హద్దులో ఇంకా 2,100 ఉంది. అద్దానికి తగ్గించిన 1,200 కొత్త అద్దానికే సరిగ్గా సరిపోయింది, దాన్ని ఇటూ అటూ వేయలేదు.

మిగిలిన పనులు: రేపు గ్యాస్ ఏజెన్సీ. ఓటు మార్చడానికి ఫారం 8. ఆధార్‌లో చిరునామా. అత్తయ్యగారి పింఛను సచివాలయంలో మార్పించడం. నీళ్ళ టిన్నులు రోజు విడిచి రోజు రెండు.

పెట్టెలు ఇంకా పదకొండు విప్పాలి. అన్నిటికంటే ముందు విప్పింది సన్నికల్లు గోనె. ఎక్కడ పెట్టాలో నా బొమ్మలో గీసుకోలేదు. అత్తయ్యగారు ఇల్లంతా తిరిగి, వంటింటి వెనక బాల్కనీలో కుళాయి పక్కన పెట్టించారు. ఈ రోజు దాని మీదే కొబ్బరి పచ్చడి నూరారు. కొబ్బరికాయ మా ఊరిదే, బావగారు కారు డిక్కీలో తెలియకుండా పెట్టి వెళ్ళిన పాతిక కాయల్లో ఒకటి.

ఖాళీ అయిన అట్టపెట్టెలు ముప్పై ఆరు మడిచి అటక మీద పెట్టాను, ఆడపడుచుకు. ఈ నోటుబుక్కు పేజీలన్నీ ఫోటోలు తీసి పంపితే, తన బీరువాల కొలతలు రేపు చెబుతానంది.